తోక బిగించే ముందు: ఆర్‌వీ-7 స్టెబిలైజర్ కొలతలు, బోల్టులు (కావలి)

కావలి_షెడ్డు

నమస్తే అందరికీ. మా షెడ్డులో ఆర్‌వీ-7 (కిట్ తెప్పించుకుని మనమే కట్టుకునే చిన్న విమానం) తోక ముక్కలన్నీ విడివిడిగా తయారయ్యాయి. హారిజాంటల్ స్టెబిలైజర్ (తోక దగ్గర అడ్డంగా ఉండే చిన్న రెక్క), ఫిన్ (నిలువుగా ఉండేది), దాని వెనక కదిలే రడ్డర్, స్టెబిలైజర్ వెనక కదిలే రెండు ఎలివేటర్లు, అన్నిటికీ లోపల ప్రైమర్ వేసి, రివిట్లు కొట్టి గోడకి తగిలించి పెట్టాను. బాడీ వెనక భాగం కూడా అయిపోయింది. ఇక స్టెబిలైజర్‌ని బాడీ మీద కూర్చోబెట్టి, లెవెల్ చూసి, బోల్టులకి బెజ్జాలు వెయ్యాలి. ఇక్కడే ఆగాను.

ఇన్నాళ్ళూ వేసిన బెజ్జాలు వేరు, ఇవి వేరు. ఈ కిట్‌లో రేకులకి చాలావరకు ఫ్యాక్టరీలోనే బెజ్జాలు వేసి పంపుతారు కాబట్టి రేకు మీద రేకు పెట్టి క్లీకోలు (తాత్కాలికంగా పట్టి ఉంచే పిన్నులు) గుచ్చితే దానంతట అదే సరిగ్గా కూర్చుంటుంది. తోకని బాడీకి కలిపే చోట మాత్రం మనమే కొలిచి మనమే వెయ్యాలి. తప్పిపోతే ఆ ముక్క పనికిరాదు.

నా ఇబ్బంది ఏమిటంటే, స్టెబిలైజర్ రెండు కొసల నుంచీ బాడీ ముందు వైపు నడి గీత మీద పెట్టుకున్న గుర్తు దాకా టేపు పట్టి కొలిస్తే పొద్దున రెండు మిల్లీమీటర్ల తేడా వస్తోంది, మధ్యాహ్నం అదే తేడా నాలుగు దాటుతోంది. మధ్యలో దేన్నీ కదిలించలేదు, క్లాంపులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది.

ఇంకోటి, విడిగా తెప్పించుకున్న ఏఎన్3 (విమానాలకి వాడే రకం) బోల్టులు ఇంకా దారిలోనే ఉన్నాయి. ఈలోపు నెల్లూరులో దొరికే హైటెన్‌సైల్ బోల్టులు వెయ్యొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆటోనగర్_లేత్

అన్నా, 8.8 గ్రేడ్ వెయ్యి, ఏం కాదు. లారీ చాసిస్‌లకి అవే వేస్తున్నాం, టన్నుల బరువు మోస్తున్నాయి. నీ తోక మొత్తం కలిపి ఎంత బరువు ఉంటుంది? 8.8 వద్దనుకుంటే 10.9 వెయ్యి. ఎం5 సైజు నెల్లూరులో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది.

రొయ్యలగుంట

సముద్రం పక్కన మామూలు బోల్టు వేస్తే ఆర్నెల్లకే తుప్పు. మా గుంటల్లో ఏరేటర్లకి మేం స్టీలు బోల్టులే వాడతాం, 304 స్టెయిన్‌లెస్. కావలి గాలి కూడా ఉప్పు గాలే కదా. అది ఆలోచించు అన్నా. ఇంతకీ దీన్ని ఎక్కడ ఎగరేస్తావు? దొనకొండలో బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి రన్‌వే ఉంది కదా, అక్కడా?

ఒంగోలు_ఫిట్టర్

తమ్ముడూ, ముందు బోల్టుల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే పైన వచ్చిన రెండు సలహాలూ మంచి మనసుతో ఇచ్చినవే అయినా రెండూ ఇక్కడ పనికిరావు. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను.

ఏఎన్3 అంటే మూడు బై పదహారు అంగుళం, 4.76 మిల్లీమీటర్లు. దానికి వేసే బెజ్జం నంబర్ 12 డ్రిల్లు, సుమారు 4.8. ఎం5 బోల్టు 5 మిల్లీమీటర్లు. అది ఆ బెజ్జంలో దూరదు. దూరాలంటే బెజ్జం పెద్దది చెయ్యాలి. రేపు అసలు బోల్టులు వచ్చాక ఆ పెద్ద బెజ్జంలో అవి లొడలొడలాడతాయి. ఈలోపు కోసం అని వేసిన బోల్టు వల్ల ఎప్పటికీ సరికాని బెజ్జం మిగులుతుంది.

బలం మాట కూడా చెబుతాను, లేత్ తమ్ముడు అడిగింది న్యాయమైన ప్రశ్నే. 8.8 బోల్టు లాగుడు బలం 800 మెగాపాస్కల్. ఏఎన్ బోల్టుది చదరపు అంగుళానికి 1,25,000 పౌండ్లు, అంటే దాదాపు 860. పెద్ద తేడా కాదు. 10.9 అయితే ఏఎన్ కన్నా ఎక్కువే. కానీ గొడవ బలం దగ్గర లేదు. ఏఎన్ బోల్టుకి మరలు లేని నున్నటి భాగం ఉంటుంది, దాన్ని గ్రిప్ అంటాం. మనం కలుపుతున్న రేకుల మందం ఎంతో గ్రిప్ అంతకి సరిపోయేలా ఎంచుకుంటాం, పొడవు బట్టి నంబర్లు మారేది అందుకే. అల్యూమినియం బెజ్జం లోపల ఆనుకునేది ఆ నున్నటి భాగమే. బజారులో దొరికే ఎం5 చాలావరకు తల దాకా మరలే. ఇంజన్ వణుకుడుకి ఆ మరలు ఆకురాయిలా అల్యూమినియాన్ని అరగదీస్తాయి. బెజ్జం కోలగా అవుతుంది. తోక ఊగడం అలా మొదలవుతుంది.

స్టెయిన్‌లెస్ అయితే ఇంకో తంటా. బజారులో దొరికే 304 సాధారణంగా ఏ2-70 అని వస్తుంది, దాని బలం 700. పైగా ఉప్పు తేమలో స్టెయిన్‌లెస్‌ని అల్యూమినియానికి ఆనించి వదిలేస్తే బోల్టు బాగానే ఉంటుంది, చుట్టూ ఉన్న అల్యూమినియమే తినుకుపోతుంది. ఏఎన్ బోల్టు మీద పసుపుగా కనపడేది కాడ్మియం పూత, అది వేసేది ఈ గొడవ లేకుండా ఉండటానికే.

కాబట్టి బోల్టులు వచ్చేదాకా ఆగు. కొలతల పని ఈలోపు చేసుకోవచ్చు.

ఆటోనగర్_లేత్

సార్, గ్రిప్ విషయం నాకు తెలీదు, మంచిగా చెప్పారు. మరి నేను లేత్ మీద అదే గ్రిప్‌తో బోల్టు తీసిస్తే?

ఒంగోలు_ఫిట్టర్

వద్దు నాయనా. ఏ స్టీలు, ఎంత హీట్ ట్రీట్‌మెంట్ అన్నదానికి నీ దగ్గర కాగితం ఉండదు. కానీ నీ లేత్‌తో ఈ పనిలో నిజంగా అవసరం ఉంది. డ్రిల్లు నిటారుగా దిగడానికి గైడ్ బుష్‌లు కావాలి. హ్యాండ్ డ్రిల్లు ఎంత చెయ్యి తిరిగినవాడికైనా కొంచెం వాలుతుంది. ఒక స్టీలు దిమ్మకి సరిగ్గా నంబర్ 30 సైజు (ముందు వేసే సన్నది) బెజ్జం, ఇంకోదానికి నంబర్ 12 సైజు బెజ్జం లేత్ మీద వేసి ఇవ్వు. అది రేకు మీద క్లాంప్ చేసి దానిలోంచి డ్రిల్లు దించితే వంకర పోదు.

ఆటోనగర్_లేత్

అది రేపటికల్లా అయిపోతుంది. కావలి అన్నా, డ్రిల్లు బిట్లు రెండూ నాకు పంపించు, వాటికి సరిపెట్టి తీస్తా.

సింగరాయకొండ_ఫిజిక్స్

కొలత పొద్దునకీ మధ్యాహ్నానికీ ఎందుకు మారుతోందో నేను చెబుతాను. మీ షెడ్డు తలుపు పడమరకి ఉందా? మధ్యాహ్నం ఎండ బాడీకి ఒక పక్కనే పడుతోందా?

అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకి 23 మైక్రాన్లు సాగుతుంది. నాలుగు మీటర్ల పొడవు, ఇరవై డిగ్రీల వేడి పెరిగితే సుమారు 1.8 మిల్లీమీటర్లు. రెండు పక్కలా సమానంగా వేడెక్కితే మీ కొలతలు రెండూ ఒకేలా పెరుగుతాయి, తేడా మారదు. ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ అయితే ఎండ పక్క ఎక్కువ సాగి బాడీ అటు నుంచి ఇటు కొద్దిగా వంగుతుంది. అప్పుడు తోక తిరిగినట్టు కనపడుతుంది. మన వైపు ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద ఇది తప్పదు. అందుకని కొలిచేదీ బెజ్జం వేసేదీ తెల్లవారుజామునే పెట్టుకోండి, రాత్రంతా చల్లబడి ఉంటుంది.

మిగిలిన రెండు మిల్లీమీటర్లకి మరీ భయపడక్కర్లేదు. స్టెబిలైజర్ కొస నడి గీత నుంచి సుమారు 1.4 మీటర్లు, మీ గుర్తు నాలుగు మీటర్ల ముందు ఉందనుకుంటే, ఒక మిల్లీమీటర్ తేడా అంటే కోణంలో 0.02 డిగ్రీ. రెండు మిల్లీమీటర్లు 0.04. గాలిలో అది తెలియను కూడా తెలియదు. కానీ తేలిగ్గా సరిచేసుకోగలిగినప్పుడు ఎందుకు వదలాలి.

కావలి_షెడ్డు

సార్, తలుపు పడమరకే. మూడు దాటాక ఎండ నేరుగా ఎడమ పక్క పడుతుంది. చాలా థాంక్స్, ఇది అసలు తట్టలేదు.

ఇంకా చెప్పండి, బాడీ లెవెల్ కోసం మా మేస్త్రీ ఇచ్చిన రసమట్టం, నీళ్ళ ట్యూబు వాడుతున్నాను. అవి సరిపోతాయా, డిజిటల్ లెవెల్ కొనాలా?

ఒంగోలు_ఫిట్టర్

నీళ్ళ ట్యూబుని మించిన లెవెల్ లేదు, ట్యూబులో గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు. రసమట్టాన్ని మాత్రం అటూ ఇటూ తిప్పి పెట్టి బుడగ ఒకే చోట ఆగుతోందో లేదో చూడు. డిజిటల్ దానికీ అదే పరీక్ష.

వరస ఇలా పెట్టుకో. ముందు బాడీ. పైన రెండు లాంజెరాన్ల (బాడీ పొడవునా ఉండే పట్టీలు) మీద అడ్డంగా మూడు నాలుగు చోట్ల లెవెల్ చూడు. కాక్‌పిట్ దగ్గర లెవెల్‌లో ఉండి తోక దగ్గర వాలి ఉంటే బాడీ మెలి తిరిగిందని అర్థం, స్టాండు కింద చెక్కలు పెట్టి ముందు అది సరిచెయ్యి. ముందు నుంచి వెనక దాకా పొడవునా కూడా లెవెల్ చెయ్యి. తర్వాత బాడీ నడి గీత. ముందు ఫైర్‌వాల్ (ఇంజన్ వెనక గోడ) మధ్య నుంచి, వెనక చివరి బల్క్‌హెడ్ (బాడీలో అడ్డు చట్రం) మధ్య నుంచి తూకం గుండ్లు వేలాడదీసి నేల మీద గుర్తు పెట్టి, సుద్ద దారం కొట్టు. ఆ గీత ఉంటే రేపు ఫిన్‌కి కూడా అదే పనికొస్తుంది.

అప్పుడు స్టెబిలైజర్. ముందు స్పార్, వెనక స్పార్ (లోపల కొస నుంచి కొస దాకా ఉండే దూలాలు) మీద సమాన ఎత్తు దిమ్మలు పెట్టి వాటి మీద లెవెల్ ఆనించి చూస్తే ముందు వెనకల కోణం తెలుస్తుంది. ఆర్‌వీ-7కి బాడీతో పోలిస్తే అది సున్నా ఉండాలి. తేడా ఉంటే ముందు స్పార్ కింద షిమ్ (ఎత్తు సరిపెట్టే పల్చటి) ముక్క. రెక్క కోణం తర్వాత దీన్ని చూసే పెడతావు కాబట్టి ఇక్కడ తొందర వద్దు. చివరగా కొస నుంచి గుర్తుకి కొలత. టేపు వేలాడకుండా ఇద్దరు పట్టుకోండి, రెండు వైపులా ఒకేలా లాగండి.

ఇక నేను గట్టిగా చెప్పేది ఇది. ఫిజిక్స్ సార్ చెప్పినట్టు మిల్లీమీటర్ అటూ ఇటూ అయితే విమానం ఎగురుతుంది. కానీ బెజ్జం రేకు అంచుకి దగ్గరగా పడితే మాత్రం ఊరుకోదు. బెజ్జం మధ్య నుంచి అంచు దాకా కనీసం బోల్టు లావుకి రెండింతలు ఉండాలి, ఏఎన్3కి అది మూడు బై ఎనిమిది అంగుళం, 9.5 మిల్లీమీటర్లు. ముందు స్పార్ బోల్టులు డెక్ రేకులోంచి కింద లాంజెరాన్ యాంగిల్‌లోకి దిగుతాయి. పైనుంచి చూస్తే ఆ యాంగిల్ అంచు కనపడదు. చాలామంది దెబ్బతినేది అక్కడే, పైన స్పార్ మధ్యలో బెజ్జం అందంగా పడుతుంది, కింద చూస్తే యాంగిల్ అంచు కొరుక్కుపోయి ఉంటుంది, లేదా నట్టు తిరగడానికి చోటు ఉండదు. లాంజెరాన్ అంటే బాడీ వెన్నెముక, దాన్ని మార్చడం చిన్న పని కాదు. కింద పడుకుని, టార్చి పెట్టి, యాంగిల్ లోపలి అంచు, బయటి అంచు రెండూ పైకి గీసుకున్నాకే పంచ్ పెట్టు. కొలత, అంచు రెండూ ఒకేసారి కుదరకపోతే అంచుకే మొదటి ఓటు, కోణంలో మిల్లీమీటర్ వదులుకో.

ఉలవపాడు_ఏరో

సార్, నేను ఏరోనాటికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాకు క్లాసులో స్టెబిలిటీ అంతా సమీకరణాల్లో చెప్పారు, ఇలా బెజ్జం అంచు దాకా ఎవరూ చెప్పలేదు. ఒక సందేహం. ఆర్‌వీ డ్రాయింగ్‌లలో ఫిన్ ముందు భాగాన్ని పావు అంగుళం ఎడమకి జరపమని ఉంటుంది కదా. అంత కష్టపడి అన్నీ నడి గీత మీదకి తెచ్చి, దీన్ని కావాలని ఎందుకు జరపడం?

సింగరాయకొండ_ఫిజిక్స్

మంచి ప్రశ్న అమ్మా. పైలట్ సీటు నుంచి చూస్తే ప్రొపెల్లర్ కుడివైపుకి, గడియారం ముల్లులా తిరుగుతుంది. వెనక్కి నెట్టిన గాలి కూడా మెలి తిరుగుతూ బాడీ చుట్టూ వచ్చి ఫిన్ ఎడమ పక్కన తగులుతుంది. తోక కుడికి, ముక్కు ఎడమకి పోతుంది. ఫిన్ ముందు అంచు కొద్దిగా ఎడమకి ఉంటే ఎదురు గాలి దాని కుడి పక్కన తగిలి తోకని ఎడమకి నెడుతుంది. ఒకదాన్ని ఒకటి సరిపెడతాయి, పైలట్ కాలు అస్తమానం రడ్డర్ పెడల్ మీద నొక్కి ఉంచక్కర్లేదు. ప్రొపెల్లర్ అటువైపు తిరిగే ఇంజన్లు కూడా ఉన్నాయి, అలాంటిది పెట్టుకుంటే జరపాల్సిన దిక్కు కూడా మారుతుంది.

చీమకుర్తి_పలక

నాకు విమానాలు తెలియవు, రాయి తెలుసు. ఒక మాట అడగొచ్చా? స్టెబిలైజర్ బాడీ మీద సరిగ్గా కూర్చుందో లేదో చూస్తున్నారు, అసలు స్టెబిలైజరే మెలి లేకుండా ఉందని ఎలా తెలుసు? మా దగ్గర పాలిష్ పట్టిన గెలాక్సీ పలకలు ఉంటాయి. ఫ్యాక్టరీల్లో కొలతలు చూసే సర్ఫేస్ ప్లేటు కూడా నల్ల గ్రానైటే కదా. మామూలు పలక అంత కచ్చితం కాదు గానీ చెక్క బల్ల కన్నా చాలా నయం. ఎనిమిది అడుగుల పలక, రెండడుగుల వెడల్పు, ఇరవై మిల్లీమీటర్ల మందం అయితే ఎనభై, తొంభై కిలోలు ఉంటుంది, నలుగురు మోస్తారు. కావాలంటే రెండు సన్న పట్టీలు కోయించి కావలి వైపు వచ్చే బండిలో వేయిస్తా, డబ్బులు వద్దు.

ఒంగోలు_ఫిట్టర్

భలే మాట అడిగారు. స్టెబిలైజర్‌లోనే మెలి ఉంటే బాడీ మీద ఎంత కొలిచినా ఒక కొస సరిచేస్తే ఇంకో కొస పోతుంది. తమ్ముడూ, పట్టీలు తెప్పించుకో. వాటి మీద సమాన దిమ్మలు పెట్టి స్పార్లు ఆనించి, నాలుగు మూలలా సన్న ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడు. రాయి వేడికి అంతగా సాగదు కూడా.

కావలి_షెడ్డు

అన్నా, మీరు పంపిస్తానన్నారు, అది చాలా పెద్ద మాట. బండి ఖర్చు మాత్రం నేనే ఇస్తాను, కాదనొద్దు.

రొయ్యలగుంట అన్నా, మీరు అడిగింది మర్చిపోలేదు. దొనకొండ రన్‌వే ఎయిర్‌పోర్ట్ అథారిటీది, వాడకంలో లేదు, అక్కడికి వెళ్ళి మనంతట మనం ఎగరెయ్యడం కుదరదు. కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ విమానాలు దింపారు కదా అని ఇంకొందరు అడుగుతున్నారు, అది ఎయిర్‌ఫోర్స్ అత్యవసరాల కోసం కట్టింది. దక్షిణాన శ్రీహరికోట గగనతలం సంగతి వేరే ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా, విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి లేకుండా నేల వదలను. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ ఇంటి మేడ మీద కట్టిన విమానానికి 2017లో రిజిస్ట్రేషన్ వచ్చింది, అంతకు ముందు ఆయన ఏళ్ళ తరబడి తిరిగారు. అది చూసే నాకు ధైర్యం వచ్చింది. అందుకే ప్రతి దశకీ ఫోటో తీసి, ఏ బెజ్జం ఎప్పుడు వేశానో, ఏ బోల్టు ఏ టార్క్‌కి బిగించానో పుస్తకంలో రాస్తున్నాను.

రొయ్యలగుంట

సరే అన్నా, అర్థమైంది. బోల్టులు సరే, రేకుకి ఉప్పు గాలి తగలదా మరి? మా దగ్గర అల్యూమినియం పైపులే తెల్లగా పొడి రాలుతున్నాయి.

ఒంగోలు_ఫిట్టర్

తగులుతుంది. ఈ రేకు 2024-టీ3 ఆల్‌క్లాడ్, గట్టి మిశ్రమం మీద రెండు పక్కలా పల్చగా శుద్ధ అల్యూమినియం పొర ఉంటుంది, ఆ పొర కాపాడుతుంది. అయితే కోసిన అంచులోనూ వేసిన బెజ్జంలోనూ ఆ పొర ఉండదు. కాబట్టి తోక బెజ్జాలు రీమర్‌తో నున్నగా చేసి, అంచుల్లో లేచిన గరుకు తీసి, బోల్టు పెట్టే ముందు ప్రైమర్ తడి తగిలించు. మీ కావలి, అల్లూరు, రామాయపట్నం గాలికి ఇది తప్పనిసరి అనుకో.

టార్క్ అన్నావు కాబట్టి, ఏఎన్3కి 20 నుంచి 25 ఇంచి-పౌండ్లు, అంటే రెండున్నర న్యూటన్ మీటర్లకి కాస్త అటూ ఇటూ. నైలాక్ నట్టు (లోపల నైలాన్ పట్టు ఉండేది) మర మీద తిరగడానికే కొంత బలం తీసుకుంటుంది, అది ముందు కొలిచి దీనికి కలుపు. లారీ పానా పట్టినట్టు పడితే బోల్టు తెగుతుంది. తిరుగుతూ ఉండే కీలు దగ్గర నైలాక్ వద్దు, కాజిల్ నట్టు (పిన్ను దూరే గాట్లు ఉండేది), స్ప్లిట్ పిన్ను.

కావలి_షెడ్డు

అందరికీ చెప్పాలి. స్టెబిలైజర్ కూర్చుంది!

గ్రానైట్ పట్టీల మీద చూస్తే మెలి లేదు, కాగితం మందం కూడా దూరలేదు. తెల్లవారుజామున, బయట ఇంకా మసక ఉండగానే కొలిస్తే కొసల తేడా ఒక్క మిల్లీమీటర్. కింద పడుకుని టార్చితో యాంగిల్ అంచులు పైకి గీస్తే ఫిట్టర్ సార్ చెప్పింది నిజం, స్పార్ మధ్యలో నేను పెట్టుకున్న గుర్తు యాంగిల్ అంచుకి మరీ దగ్గరగా ఉంది. లోపలికి జరిపితే పది మిల్లీమీటర్లు దొరికింది. లేత్ తమ్ముడి బుష్‌లోంచి ముందు నంబర్ 30, తర్వాత నంబర్ 12, చివర రీమర్. అసలు బోల్టులు వచ్చాయి, చేతితో నెడితే బిగువుగా దిగాయి. బెజ్జాలు వేశాక మళ్ళీ కొలిచాను, అదే ఒక్క మిల్లీమీటర్.

ఇక ఎలివేటర్లు. రెండు ఎలివేటర్ల హార్న్‌లు (వాటిని కదిపే కాడలు) మధ్యలో పక్కపక్కన వస్తాయి కదా, వాటి అంచులు రెండూ ఒకేలా లేవు, ఒకటి కాస్త ముందుకి ఉంది. ఏ అంచుని పట్టుకుని బెజ్జం వెయ్యాలి?

ఉలవపాడు_ఏరో

కంగ్రాట్స్ అన్నా! ఎలివేటర్ బ్యాలెన్స్ గురించి కూడా చెప్పండి సార్. ఫ్లట్టర్ (గాలికి ఊగుడు పెరిగిపోవడం) అంటే మాకు వీడియో చూపించారు, తోక క్షణాల్లో ఊడిపోయింది.

ఒంగోలు_ఫిట్టర్

సంతోషం తమ్ముడూ.

హార్న్ అంచులు చూడకు. అవి కలవకపోవడం మామూలే. రెండు ఎలివేటర్ల కొసల్లో బరువు ఉండే ముక్కుల్ని స్టెబిలైజర్ కొసలతో సమంగా పెట్టి క్లాంప్ వెయ్యి, అది సున్నా స్థానం. ఇప్పుడు రెండు ఎలివేటర్లూ ఒక తలంలో ఉంటాయి. పుష్‌రాడ్ (పైలట్ స్టిక్ కదలికని తెచ్చే కడ్డీ) బెజ్జం రెండు హార్న్‌లలోనూ ఆ స్థితిలోనే వెయ్యి, హార్న్ అంచు నుంచి బెజ్జానికి రెండింతల లెక్క ఇక్కడా వర్తిస్తుంది. కీలు బెజ్జానికి మధ్య బేరింగ్‌లోంచి బుష్ పెట్టి ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి వెయ్యాలి. ఒక్కసారే ఇటు నుంచి అటు దూసేస్తే రెండోది వంకరపోతుంది.

అమ్మాయ్, ఎలివేటర్ బరువు కీలు వెనక ఎక్కువైతే వేగంలో గాలి దాన్ని ఒకసారి కదిపితే చాలు, ఊగుడు తనంతట తానే పెరుగుతుంది, పట్టుకునే లోపే తోక పోతుంది. ముందు ముక్కులో సీసం పెట్టేది అందుకే. ఆర్‌వీ-7 దాటకూడని వేగం గంటకి 230 మైళ్ళు, అంటే 370 కిలోమీటర్లు, ఆ వేగంలో ఇది ఆషామాషీ విషయం కాదు. పెయింట్ బరువంతా కీలు వెనకే ఎక్కువ పడుతుంది కాబట్టి పెయింట్ అయ్యాక బ్యాలెన్స్ మళ్ళీ చూడాలి. తమ్ముడూ, నీ పుస్తకంలో పెయింట్ పేజీ పైన ఇది ఇప్పుడే రాసి పెట్టుకో.

ఆటోనగర్_లేత్

సార్, ఆ మధ్య బేరింగ్‌లో పట్టే బుష్ కొలత చెప్పండి. బయట సైజు బేరింగ్ లోపలికి బిగువుగా, లోపల నంబర్ 30, అంతేనా? బేరింగ్ ఒకటి పంపిస్తే దానికి సరిపెట్టి తీస్తా.

కావలి_షెడ్డు

రేపు పొద్దున నెల్లూరు బస్సుకి నేనే వచ్చి బేరింగ్ ఇస్తాను తమ్ముడూ. ఉలవపాడు అమ్మాయీ, హార్న్‌లు డ్రిల్ చేసేటప్పుడు ఎలివేటర్ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. సెలవు దొరికితే మీ నాన్నగారిని తీసుకుని రా, పొద్దున ఆరింటికే మొదలుపెడతాం.

ఉలవపాడు_ఏరో

వస్తాను అన్నా. ఐదున్నరకే అక్కడ ఉంటాం.